కోతకు ముందు గంట

ఆపరేషన్ జరిగి 30 రోజులు నిండిన ప్రతి పేషెంటుకూ నేను ఫోను చేస్తాను. నా బల్ల మీద గళ్లు గీసిన పొడవాటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఒక్కో పేరుకు ఎదురుగా మూడు గళ్లు: 7, 14, 30. మోకాలి కీలు మార్చినవాళ్లకూ, పొట్ట గోడకు ఆసరాగా సన్నని వల (మెష్) పెట్టి హెర్నియా కుట్టినవాళ్లకూ ఇంకో గడి ఎక్కువ: 90. శరీరంలో బయటి వస్తువు పెట్టినప్పుడు దాన్ని పట్టుకుని సూక్ష్మజీవులు వారాల తరబడి నక్కి ఉండగలవు. అందుకే ఆ గడి.

అడిగేవి చిన్న ప్రశ్నలే. జ్వరం ఉందా? కుట్ల పక్కన ఎరుపు పాకుతోందా? నొప్పి రోజురోజుకూ తగ్గుతోందా, తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతోందా? కట్టు మీది బట్ట తడుస్తోందా? ఈ చివరి ప్రశ్నకు అవతలి నుంచి జవాబు ఆలస్యమైతే నా చేతిలో కలం ఆగిపోతుంది. "కొంచెం తడిగానే ఉంది సిస్టర్, చెమట అనుకున్నాం" అంటారు. అది చెమట కాని సందర్భాలే నేను ఎక్కువగా చూశాను.

నేను ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును. అంతకు ముందు పదకొండేళ్లు సర్జికల్ వార్డులోనూ, ఆపరేషన్ థియేటర్‌లోనూ పనిచేశాను. ఈ ఉద్యోగంలోకి వచ్చాక నా పని తలకిందులైంది. అప్పట్లో పేషెంటుకు ఆ పూట ఏం చేయాలా అని ముందుకు చూసేదాన్ని. ఇప్పుడు ఎనిమిదో రోజున చీము పట్టిన గాయం దగ్గర నిలబడి, అది ఎక్కడ మొదలైందా అని వెనక్కి చూస్తాను. అలా వెనక్కి వెళ్లిన ప్రతిసారీ నా కళ్లు కేసు షీటులో ఒకే చోట ఆగుతున్నాయి. ఆపరేషన్ తర్వాతి రోజుల దగ్గర కాదు, కోతకు ముందు గంట దగ్గర. ఎవరికీ గుర్తుండని గంట అది. ట్రాలీలు కదులుతుంటాయి, సంతకాలు జరుగుతుంటాయి, అందరికీ తొందర.

నాకు ఆ సంగతి నేర్పిన పెద్దాయన గురించి చెప్పాలి. పెద్దపేగులో గడ్డ ఉంటే ఆ ముక్క తీసేసి మళ్లీ కలిపి కుట్టారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఐదో రోజుకు లేచి నడిచారు. ఎనిమిదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. పొద్దున కట్టు విప్పితే బొడ్డు కింద కుట్ల చుట్టూ చర్మం ఉబ్బి మెరుస్తోంది. డాక్టర్ రెండు కుట్లు కత్తిరించి ఫోర్సెప్స్‌తో అంచును కాస్త ఎడం చేశారు. బూడిద రంగు చీము నిదానంగా పైకి ఉబికి పక్కకు జారింది. గదంతా ఆ వాసన. తలుపు దగ్గర నిలబడిన ఆయన కూతురు ముఖం పక్కకు తిప్పుకోలేదు, తండ్రి ముఖాన్నే చూస్తూ నిలబడింది.

అలాంటి గాయాన్ని వెంటనే కుట్టరు. తెరిచే ఉంచి, రోజూ కడిగి, లోపల గాజ్ అనే పలుచని నూలు గుడ్డ నింపి, అడుగు నుంచి కండ పెరుగుతూ పైకి వచ్చేదాకా ఆగాలి. ఆరు వారాలు పట్టింది. నేను ఆ గుడ్డ ముక్కలు ఒక్కొక్కటిగా బయటికి లాగుతుంటే ఆయన కళ్లు మూసుకుని లెక్కపెట్టేవారు. "ఇవాళ ఎన్నమ్మా?" అని అడిగేవారు. మొదటి రోజు ఐదు. మూడో వారానికి మూడు. ఒకటికి వచ్చిన రోజున పడక పక్కన కూర్చున్న కూతురి చేయి గట్టిగా పట్టుకున్నారు.

ఆ ఆరు వారాల్లో ఒక సాయంత్రం ఆయన కేసు షీటు మొదటి నుంచి చదివాను. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ వార్డులో ఉదయం 7 గంటల 10 నిమిషాలకు ఇచ్చారు. చర్మం మీద కోత పెట్టింది 10 గంటల 50 నిమిషాలకు. మధ్యలో 3 గంటల 40 నిమిషాలు. ఆయనకంటే ముందున్న కేసు అనుకున్నదానికంటే పొడవుగా సాగింది, అంతే. వార్డు నర్సు రాసి ఉన్నట్టే ఇంజెక్షన్ ఇచ్చింది. థియేటర్ వాళ్లు ఇచ్చారా అని అడిగారు, ఇచ్చామన్నారు. ఎప్పుడు ఇచ్చారని ఎవరూ అడగలేదు.

ఆ మందు పేరు సెఫజోలిన్. ఆపరేషన్లకు ముందు చాలా చోట్ల వాడేది అదే. రక్తంలో దాని పాళ్లు సుమారు రెండు గంటలకోసారి సగానికి పడిపోతాయి. అంటే కత్తి చర్మానికి తగిలే వేళకు ఆయన ఒంట్లో మిగిలింది ఇచ్చినదానిలో దాదాపు నాలుగో వంతు. యాంటీబయాటిక్ చేయాల్సిన పని ఏమిటంటే, చర్మం తెగి సూక్ష్మజీవులు లోపలికి దిగే ఆ క్షణానికి ఆ కండలో, ఆ కొవ్వులో తాను ముందే నిండుగా ఉండటం. 1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి బ్యాక్టీరియాను ఎక్కించి, మందును వేర్వేరు సమయాల్లో ఇచ్చి చూశాడు. ముందుగా ఇస్తే బాగా పనిచేసింది. బ్యాక్టీరియా దిగిన మూడు గంటల తర్వాత ఇస్తే ఇవ్వనట్టే అయింది. 1992లో 2,847 మంది పేషెంట్ల మీద వచ్చిన పరిశీలన ఇంకా సూటిగా ఉంది. కోతకు ముందు రెండు గంటల లోపల మందు అందినవాళ్లలో గాయం ఇన్ఫెక్షన్ 0.6 శాతం. అంతకంటే ముందే ఇచ్చేసినవాళ్లలో 3.8 శాతం. ఇప్పుడు సెఫజోలిన్ లాంటి మందులకు మేము పాటించేది కోతకు ముందు 60 నిమిషాలు. వాంకోమైసిన్ లాంటి కొన్నింటిని నెమ్మదిగా ఎక్కించాలి కనుక వాటికి రెండు గంటల వ్యవధి.

పేగు ఆపరేషన్‌లో అన్నీ సరిగ్గా చేసినా ఇన్ఫెక్షన్ రావచ్చు. పేగు లోపలే కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. శుభ్రమైన చోట చేసే హెర్నియాతో దాన్ని పోల్చలేం. ఆ 3 గంటల 40 నిమిషాలే ఆయన్ను ఆరు వారాలు పడుకోబెట్టాయని నేను రుజువు చేయలేను. అయినా ఆ రెండు అంకెలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది.

దాని తర్వాత మా దగ్గర ఇంజెక్షన్ వార్డు నుంచి థియేటర్‌కు మారింది. మత్తు డాక్టర్ ఇస్తారు, గోడ మీది తెల్ల బోర్డు మీద నిమిషంతో సహా రాస్తారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితేనో, లీటరున్నరకు మించి రక్తం పోతేనో ఇంకో మోతాదు ఇస్తారు. కుట్లు వేశాక మాత్రం ఆపేయాలి. జనం నమ్మలేని సంగతి ఇదే. "ఐదు రోజులు మాత్రలు రాయకుండా పంపేశారేమిటి సిస్టర్, మమ్మల్ని పట్టించుకోలేదా?" అని ఫోనులో నన్నే నిలదీసినవాళ్లున్నారు. ఇన్ఫెక్షన్ లేని గాయానికి ఆపరేషన్ తర్వాత కూడా మందు కొనసాగిస్తే మేలు కనిపించలేదనీ, కొనసాగించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. అనవసరంగా వేసుకున్న ప్రతి మాత్రా మొండి బ్యాక్టీరియాకు తర్ఫీదు. పైగా విరేచనాలు. అదే మందు సరైన గంటలో ఒక్కసారి పడితే చాలు.

ఇక నా చేతులతో నేను చేసిన పని గురించి.

వార్డులో కొత్తగా చేరినప్పుడు నాకు అప్పగించిన పనుల్లో పార్ట్ ప్రిపరేషన్ ఒకటి. ఆపరేషన్ జరిగే చోట వెంట్రుకలు గీసి శుభ్రం చేయడం. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ట్రే పట్టుకుని, తెర లాగి, నురుగు పట్టించి రేజర్‌తో గీసేదాన్ని. నా చేతికి మంచి పేరుండేది. ఛాతీ మధ్య నుంచి మోకాళ్ల దాకా ఒక్క వెంట్రుక మిగలకుండా, అద్దంలా. సర్జన్లు మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను. అది శుభ్రత అనే నమ్మాను.

చాలా ఏళ్ల తర్వాత, గీసి పన్నెండు గంటలైన చర్మాన్ని థియేటర్ దీపం కింద భూతద్దం పెట్టి చూశాను. కంటికి నున్నగా కనబడిన చోట సన్నని గీతలు, ఒక్కో వెంట్రుక మొదట్లో ఎర్రటి చుక్క, అక్కడక్కడ ఆరిన తడి మెరుపు. రేజర్ వెంట్రుకతో పాటు చర్మం పై పొరను కూడా గీరుకుపోతుంది. ఆ గీతల్లో రాత్రంతా బ్యాక్టీరియా పెరుగుతుంది. మరునాడు మేము మందు పూసేది పైపైన మాత్రమే. 1971లోనే వచ్చిన ఒక పరిశీలనలో రేజర్‌తో గీసినవాళ్లలో ఇన్ఫెక్షన్ 5.6 శాతం, వెంట్రుకలు అలాగే వదిలేసినవాళ్లలోనూ, క్రీముతో తొలగించినవాళ్లలోనూ 0.6 శాతం. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది పాత సంగతి. అయినా నా చేతికి రేజర్ ఇచ్చారు, నేను తీసుకున్నాను. ఎన్ని వందల మందిని అలా సిద్ధం చేశానో లెక్క లేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా బాధగానే ఉంటుంది.

ఇప్పుడు వెంట్రుకలు అడ్డం రాకపోతే ముట్టుకోం. అడ్డం వస్తే ఆపరేషన్‌కు కాస్త ముందు, చర్మాన్ని తాకకుండా కత్తిరించే క్లిప్పర్‌తో తీస్తాం. దయచేసి ఎవరూ ఇంట్లో ముందు రాత్రి రేజర్‌తో గీసుకుని రావద్దు. వైద్యులకు పని తగ్గిద్దామన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది అలా వస్తారు. ముందు రోజు గానీ ఆ ఉదయం గానీ సబ్బుతో ఒళ్లంతా బాగా స్నానం చేసి వస్తే అది మాకు నిజమైన సాయం.

చర్మానికి మందు పూయడాన్ని మేము పెయింట్ చేయడం అంటాం. ఆల్కహాల్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ ఇప్పుడు ఎక్కువగా వాడేది. 2010లో 849 మంది మీద చేసిన పరీక్షలో దానితో పెయింట్ చేసినవాళ్లలో 9.5 శాతం మందికి, నీళ్లలో కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో చేసినవాళ్లలో 16.1 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. మందు మంచిదే. కానీ అది ఆరాలి. వెంట్రుకలు లేని చర్మం మీద కనీసం మూడు నిమిషాలు.

మూడు నిమిషాలు ఎంత పొడవో థియేటర్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. సర్జన్ తొడుగులు వేసుకున్న చేతులు ఛాతీ ముందు పట్టుకుని నిలబడి ఉంటారు. మానిటర్ మోగుతుంటుంది. ఎవరి కళ్లూ ఎవరి మీదా ఉండవు. చర్మం మీద తడి మెరుపు మొదట అంచుల్లో తగ్గుతుంది, తర్వాత పొట్ట మీద, ఆఖరికి బొడ్డు గుంటలో. బొడ్డులో నిలిచినది చివరిదాకా ఆరదు. ఒకసారి కొత్తగా వచ్చిన అమ్మాయి ఆలస్యమవుతోందని స్టెరైల్ గుడ్డతో ఒత్తేసింది. తప్పు ఆమెది కాదు, ఎందుకు ఆగుతున్నామో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూక్ష్మజీవులను చంపేది మందు ఆ చర్మం మీద నిలిచి ఉండే సమయం. తుడిచేస్తే ఆ సమయాన్ని తుడిచేసినట్టే. ఆరకముందే గుడ్డలు కప్పి కాటరీ (కరెంటు వేడితో రక్తం ఆపే పరికరం) వాడితే ఆల్కహాల్ ఆవిరి అంటుకుని పేషెంటు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. నేను ఆ అమ్మాయి పక్కన నిలబడి గడియారం చూపించాను. ఇప్పుడు ఆమే అందరినీ ఆపుతుంది.

చలి గురించి కూడా చెప్పాలి. థియేటర్ చల్లగా ఉంటుంది, మత్తులో ఉన్న శరీరం తన వేడిని తాను కాపాడుకోలేదు. చల్లబడితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, గాయానికి రక్తం, ఆక్సిజన్ తగ్గుతాయి, తెల్లకణాలు మందగిస్తాయి. 1996లో పెద్దపేగు ఆపరేషన్ జరిగిన 200 మందిని పోల్చి చూస్తే, వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం మందికి, చల్లబడినవాళ్లలో 19 శాతం మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒక దుప్పటి చేసే పని ఇది. అందుకే ట్రాలీ మీద వణుకుతూ మొహమాటంతో ఊరుకునేవాళ్లను చూస్తే ఊరుకోలేను. చలిగా ఉంటే చెప్పండి, ఇంకో దుప్పటి అడగండి. అది మీ వైద్యంలో భాగం.

మధుమేహం ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో చక్కెర 200 దాటకుండా చూడాలి. పొగతాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. ఒంటి మీద ఎక్కడ సెగగడ్డ ఉన్నా, పంటి చిగురు వాచినా, మూత్రం మంటగా ఉన్నా ముందే చెప్పాలి. ఆపరేషన్ వాయిదా పడుతుందన్న భయంతో దాచిపెట్టి, తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

ఆటోక్లేవ్ గదిని పేషెంట్లెవరూ చూడరు. 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో పనిముట్లు శుద్ధి అయ్యే చోటు. మూట మీది టేపుకు నల్ల చారలు వస్తే అయిపోయిందనుకుంటారు. ఆ చారలు మూట వేడి తగిలి వచ్చిందని మాత్రమే చెబుతాయి. లోపలి సంగతి లోపల పెట్టిన పట్టీ చెబుతుంది. యంత్రం సంగతి, మహా మొండివైన ఒక బ్యాక్టీరియా బీజాలను అందులో పెట్టి, అవి చచ్చాయో లేదో పెంచి చూస్తే తెలుస్తుంది. మూట చేతికి తడిగా తగిలిందంటే దాన్ని తెరవకుండా వెనక్కి పంపాలి. తడి గుండా సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి. మత్తు ఇవ్వడానికి అంతా సిద్ధమైన వేళ "మూట తడిగా ఉంది" అని చెప్పడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం గురించే నాకు ఎక్కువ పట్టింపు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వెయిస్ అనే సహాయ వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన చేతులతో పురుడు పోయడం వల్లే బాలింతలు చనిపోతున్నారని గ్రహించి, క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడిగించాడు. ఆ ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు వేసవికల్లా 2 శాతం చుట్టుపక్కలకు వచ్చాయి. అయినా పైవాళ్లు వినలేదు, రెండేళ్లకు అతని ఉద్యోగాన్ని పొడిగించలేదు. కింది స్థాయివాళ్ల మాట వినకపోతే ఏమవుతుందో చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది అతనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్టు మీద నాకు అభిమానం కూడా అందుకే. కోతకు ముందు అందరూ ఆగాలి, పేర్లు చెప్పుకోవాలి, గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా అని పైకి అడగాలి. మా దగ్గర అది చదివేది గదిలో అందరికంటే చిన్న నర్సు. ఆమె చదువుతుంటే పెద్ద సర్జన్ కూడా చేతులు కట్టుకుని వినాల్సిందే.

ఇంటికి వెళ్లాక చేయాల్సింది తక్కువే. మొదటి రెండు రోజులు కట్టు కదపకండి. ముట్టుకోవాల్సి వస్తే చేతులు కడుక్కోండి. ఎవరో చెప్పిన పొడులు, పూతలు రాయకండి. ఎరుపు పాకినా, తడి కనిపించినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఫోను చేయండి. మళ్లీ చూపించుకునే తేదీ దాకా ఆగకండి.

పెద్దాయన ఏడాదిన్నర తర్వాత మళ్లీ వచ్చారు. ఇన్ఫెక్షన్ వచ్చిన పొట్ట గోడ బలహీనపడి హెర్నియాగా ఉబికింది. అలా మానిన గాయాల్లో అది తరచూ జరిగేదే. ఈసారి వల పెట్టి కుట్టాలి. నేను థియేటర్‌లోకి వెళ్లి నిలబడ్డాను. క్లిప్పర్‌తో తీశారు. వెచ్చని గాలి నింపే దుప్పటి కప్పారు. బోర్డు మీద ఇంజెక్షన్ 9 గంటల 14 నిమిషాలు, కోత 9 గంటల 36 నిమిషాలు. బొడ్డు గుంట ఆరేదాకా అందరూ ఆగారు.

7, 14, 30 గళ్లు నిండాయి. తొంభయ్యో రోజున ఫోను చేస్తే మొదటి మోతకే ఎత్తారు. "ఇవాళ చేస్తారని తెలుసమ్మా, నేనూ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను" అన్నారు. జ్వరం లేదు, తడి లేదు, వంగితే కొంచెం లాగుతుంది, అంతే. నేను పెట్టేయబోతుంటే ఆగమన్నారు. వచ్చే వారం ఆయన భార్యకు వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ ఉంది.

"ఆ ఇంజెక్షన్ కోతకు ముందు గంటలోపే పడాలి కదమ్మా? అక్కడ ఎవరిని అడగాలి?"

మత్తు డాక్టర్ను అడగమని చెప్పాను. ముందు కేసు ఆలస్యమైతే మళ్లీ అడగమనీ చెప్పాను. ఆయన కాగితం తెచ్చుకునేదాకా ఆగి, రాసుకున్నది నాకు చదివి వినిపించాక ఫోను పెట్టేశాను.